ఆదివారం బైబిలు పఠనం, సోమవారం పర్సంటేజీ: బిల్లు కోసం డబ్బు ఇవ్వక తప్పనప్పుడు మనం ఏం చేయాలి?

శనివారం_బట్వాడా

గుంటూరు వైపు చిన్న చిన్న ప్రభుత్వ పనులు కాంట్రాక్టుకు తీసుకుని చేస్తుంటాను. సీసీ రోడ్లు, మురుగు కాలువలు, బడుల ప్రహరీ గోడలు తప్ప అంతకు మించిన పనుల జోలికి నేను పోలేదు. మా విచారణలో (మా గుడి పరిధిలోని కతోలిక సంఘంలో) ఆదివారం దివ్యబలిపూజలో బైబిలు నుంచి మొదటి పఠనం చదివే వంతు నాకు తరచుగా వస్తుంది. పఠనానికి నిలబడిన ప్రతిసారీ ఈ ప్రశ్న నన్ను వేధిస్తోంది కనుక ఇక్కడ అడుగుతున్నాను.

పని పూర్తయిన తరువాత కొలతలను ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో రాయించుకోవాలి, పై అధికారి వాటిని సరిచూడాలి, ఆ తరువాత బిల్లు తయారై ఖజానాకు చేరాలి. ఈ దారిలో ప్రతి బల్ల దగ్గరా ఒక పర్సంటేజీ, అంటే బిల్లులో ఇంత శాతమని ఇవ్వవలసిన లంచం ఉంటుంది. ఇవ్వనంటే ఎవరూ కోప్పడరు, అసలు నోరు తెరిచి అడిగేవారే ఉండరు. కొలతల పుస్తకం మాత్రం ఎవరి దగ్గర ఉందో నెలల తరబడి తెలియదు. నా దగ్గర మేస్త్రీలతో కలిపి నలభై మంది దాకా పనిచేస్తారు. శనివారం సాయంత్రం వారి కూలి బట్వాడా ఆగకూడదన్నది మా నాన్నగారి కాలం నుంచి వస్తున్న కట్టుబాటు. బిల్లు రాకపోతే ఆ డబ్బును మూడు రూపాయల వడ్డీకి తేవాలి. అందుకే ఇంతకాలం ఇస్తూ వచ్చాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ బల్లల్లో ఒకదాని వెనుక కూర్చునే పెద్దమనిషి మా విచారణ సభ్యుడే. పూజలో శాంతి సమాధానం చెప్పుకునేటప్పుడు మేమిద్దరం ఒకరికొకరం చేతులు జోడించుకుంటాం, మంగళవారం నాడు ఆయన వాటా ఆయనకు చేరుతుంది. విచారణ గురువుగారిని (మా ఫాదర్‌ను) అడిగితే ప్రార్థన చేయమన్నారు. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఉద్యోగాల్లోనూ వ్యాపారాల్లోనూ ఉన్న కతోలికులు ఇలాంటి చోట ఏం చేశారో, ఏం చేయగలిగారో తెలుసుకోవాలని ఉంది.

మ్రానికొమ్మ

అందరూ ఇస్తున్నప్పుడు మీరొక్కరే ఇవ్వకుండా ఆ రంగంలో ఎలా నిలబడతారు? దీన్ని లంచం అనుకోకుండా ఇంకొక పన్ను అనుకుంటే మనసు కుదుటపడుతుంది. జీఎస్టీ కట్టినందుకు ఎవరూ గురువు దగ్గరికి పోయి పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) చేయడం లేదు కదా.

టాలీ_లెక్క

జీఎస్టీకి రసీదు ఇస్తారు.

పాత_గుమస్తా

నేను ఆ బల్లకు అవతలి వైపు మూడు దశాబ్దాలకు పైగా కూర్చున్నవాణ్ణి కనుక అక్కడి పద్ధతి ఎలా ఉంటుందో చెబుతాను. మా సెక్షన్‌లో ఎవరూ చెయ్యి చాపేవారు కాదు. బల్ల సొరుగును రెండు అంగుళాలు తెరిచి ఉంచి, వచ్చిన మనిషి కూర్చోగానే మంచినీళ్ల కోసమని లేచి వెళ్లేవారు. తిరిగి వచ్చేసరికి సొరుగు మూసి ఉంటే ఆ ఫైలు ఆ రోజే కదిలేది. సాయంత్రం ఐదున్నరకు సీటు స్థాయిని బట్టి పంపకం జరిగేది. అందులో నా వాటా నాకు వద్దని చెప్పినప్పుడు సహోద్యోగులకు నా మీద గౌరవం కలగలేదు, భయం కలిగింది. వాటా తీసుకోని మనిషి ఎప్పుడైనా నోరు విప్పవచ్చునని వారి అనుమానం. కొద్ది నెలల్లోనే నన్ను రికార్డు గదికి మార్చారు. అక్కడ చెదపురుగులకు పర్సంటేజీ అవసరం లేదు కనుక నిశ్చింతగానే గడిచింది.

నాకు ఆధారమైన వాక్యం లూకా సువార్త మూడవ అధ్యాయంలో ఉంది. సుంకరులు (పన్నులు వసూలు చేసేవారు) వచ్చి తామేమి చేయాలని అడిగినప్పుడు స్నాపక యోహాను వారిని ఆ ఉద్యోగం మానేయమనలేదు, నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులతో కూడా జీతంతో తృప్తి పడమన్నాడే గాని ఆయుధం పారేయమనలేదు. ఎడారికి పోయి తపస్సు చేయమని ఉంటే మాకు తప్పించుకునే దారి దొరికేది. ఆ సీటులోనే కూర్చుని నీతిగా ఉండమనడం వల్లనే అది అంత కష్టమైంది.

అయితే బట్వాడా గారి పరిస్థితి నా పరిస్థితి ఒకటి కాదు. నేను తీసుకోకపోతే నష్టపడేది నేను మాత్రమే. ఆయన ఇవ్వకపోతే నష్టపడేవారు నలభై మంది.

హైటెక్_విశ్వాసి

ఇప్పుడు బిల్లులన్నీ ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఆన్‌లైన్‌గానే వెళుతున్నాయి కదా, ఇంకా ఈ బల్లలు ఎక్కడివి?

శనివారం_బట్వాడా

కంప్యూటరులోకి ఎక్కించే చేయి మనిషిదే కదండీ. ఎం-బుక్కులో సంతకం పడితేనే బిల్లు తయారవుతుంది, బిల్లు తయారైతేనే టోకెన్ నంబరు వస్తుంది. సంతకానికి ఆన్‌లైన్ లేదు.

న్యాయశాస్త్రం_రెండో_ఏడు

పాపమా కాదా అన్న చర్చకు ముందు చట్టం ఏమంటోందో చూడాలి. అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018లో దాన్ని సవరించి, ఎనిమిదవ సెక్షన్ కింద లంచం ఇవ్వడాన్ని కూడా నేరుగా నేరం చేశారు. అయితే బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవారు ఏడు రోజుల లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే ఆ సెక్షన్ వారికి వర్తించదు. ముందుగానే అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీకి) చెప్పి, వారి సూచన ప్రకారం ఇచ్చినా నేరం కాదు. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. కాబట్టి "తప్పనిసరై ఇచ్చాను" అనే మాట చట్టం దృష్టిలో ఏడు రోజులే చెల్లుతుంది.

శనివారం_బట్వాడా

ఆ నంబరు ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది, దాని కిందనే నేను కూర్చుని ఎదురుచూస్తాను. ఒకసారి ఒకరిని పట్టిస్తే ఆ బిల్లు వస్తుందేమో గాని, జిల్లాలో ఏ డివిజన్‌లోనూ నా టెండరు కవరుకు తరువాత దిక్కుండదు. ఇది నా ఊహ కాదు, తోటి కాంట్రాక్టరు ఒకాయన ఇప్పుడు సిమెంటు దుకాణంలో లెక్కలు రాస్తున్నారు.

గుణదల_మెట్లు

ఈ సందర్భంలో ఒకరిని గుర్తు చేయాలి. కాంగో దేశంలోని గోమా నగరంలో ఫ్లోరిబెర్ట్ బ్వానా చుయ్ అనే యువకుడు సరిహద్దు దాటి వచ్చే ఆహార పదార్థాలను తనిఖీ చేసే ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవాడు. పాడైపోయిన బియ్యాన్ని బజారులోకి వదలమని డబ్బు ఇవ్వజూపితే నిరాకరించాడు, బెదిరించినా లొంగలేదు. 2007 జులైలో ఆయనను ఎత్తుకుపోయి హింసించి చంపారు. అప్పటికి వయసు 26. 2025 జూన్ 15న రోములో ఆయనను ధన్యజీవిగా (పునీతునికి ముందు మెట్టు) ప్రకటించారు. గురువూ కాదు, మఠవాసీ కాదు, మనలాగే ఆఫీసుకు వెళ్లి వచ్చే మామూలు విశ్వాసి. లంచం వద్దనడమే ఆయన వేదసాక్ష్యం, అంటే విశ్వాసం కోసం ప్రాణమివ్వడం అయింది.

తిన్నని_మాట

గుణదల మెట్లు గారు చెప్పిన జీవితం గొప్పది. కానీ ఆయన డబ్బు తీసుకోవలసిన స్థానంలో ఉన్నారు, మన మిత్రుడు ఇవ్వవలసిన స్థానంలో ఉన్నారు. ఆయన తలవంచి ఉంటే పాడైన బియ్యం జనం కడుపుల్లోకి పోయేది. మన మిత్రుడు తలవంచినందువల్ల ఆయనకు న్యాయంగా రావలసిన డబ్బే ఆయనకు వస్తోంది. హక్కు లేనిదాన్ని పొందడానికి చెయ్యి తడపడం వేరు, హక్కున్నదాన్ని పొందడానికి దోపిడీకి గురికావడం వేరు. శ్రీసభ (కతోలిక సంఘం) సత్యోపదేశ గ్రంథం 2409వ పేరాలో అవినీతిని దొంగతనాలతో కలిపి లెక్కించిన మాట నిజమే, కానీ అదే గ్రంథం 1735వ పేరాలో బలవంతం, భయం వంటివి మనిషి బాధ్యతను తగ్గించవచ్చుననీ, కొన్నిసార్లు పూర్తిగా తొలగించవచ్చుననీ కూడా చెబుతుంది. ఊరికే వేదసాక్షుల కథలు చెప్పి బతికున్నవాణ్ణి సిలువ వేయకండి.

అయితే ఆయనను ఒక మాట అడగాలి. ఆ పర్సంటేజీ ఎక్కడి నుంచి వస్తోంది? అంచనాలో లాభం వాటా నుంచి తీస్తున్నారా, సిమెంటు బస్తాల లెక్కలో నుంచి తీస్తున్నారా? రెండవదైతే నేను పైన రాసినదంతా వెనక్కు తీసుకోవలసి వస్తుంది, ఎందుకంటే అప్పుడు దోపిడీకి గురవుతున్నది మీరు కాదు, ఆ రోడ్డు మీద నడిచే జనం.

శనివారం_బట్వాడా

అడగవలసిన మాటే అడిగారు. రోడ్డు ఆరు అంగుళాల మందం అంటే ఆరు అంగుళాలే పోస్తాను. ఎక్కడ కోర్ (రోడ్డుకు రంధ్రం చేసి తీసే నమూనా) తీసి చూసినా చూపించగలను. క్యూరింగ్‌కు గోనెపట్టాలు పరిచి, పైన నీళ్లు కట్టడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెడతాను. పర్సంటేజీ నా లాభంలో నుంచే పోతుంది. టెండర్లలో మరీ తక్కువకు కోట్ చేసి, ఆ పైన పర్సంటేజీలు కూడా ఇచ్చేవారికి మిగిలేది ఎలాగో మీరే లెక్క వేసుకోండి.

టాలీ_లెక్క

నేను ఇలాంటి కాంట్రాక్టర్ల లెక్కలు చూస్తుంటాను. మీరు లాభంలో నుంచే ఇచ్చినా పుస్తకంలో అది ఏదో ఒక పేరుతో పడాలి. ఇసుక తోలకం, జేసీబీ బాడుగ, "సైటు ఖర్చులు" అని రాస్తారు. దానికి ఒక వోచరు పుట్టాలి, వోచరు మీద ఎవరో ఒక ట్రాక్టరు డ్రైవరు సంతకం పడాలి. అంటే దొంగిలించవద్దనే ఏడవ ఆజ్ఞ దగ్గర మొదలైనది అబద్ధ సాక్ష్యం చెప్పవద్దనే ఎనిమిదవ ఆజ్ఞ దగ్గరికి వచ్చి ఆగుతుంది, దారిలో ఏమీ తెలియని డ్రైవరును కూడా కలుపుకుంటుంది. తిన్నని మాట గారి తర్కం డబ్బు చేతులు మారే క్షణం వరకే పనిచేస్తుంది. ఆ సాయంత్రం వోచరు రాసేటప్పుడు మన మెడ మీద ఎవరూ కత్తి పెట్టరు.

కువైట్_నైట్_డ్యూటీ

లంచాల సంగతి నాకు తెలియదు గాని వోచరు మాట చదివాక రాయాలనిపించింది. నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సును. రాత్రి డ్యూటీలో నాలుగు గంటలకొకసారి రోగుల రక్తపోటు, నాడి, ఉష్ణోగ్రత చూసి చార్టులో రాయాలి. తెల్లవారుజామున నాలుగింటికి వార్డంతా నిద్రలో ఉంటుంది. నిద్రపోతున్న ముసలాయనను లేపి చేతికి పట్టీ చుట్టడం కంటే, రాత్రి పన్నెండింటికి రాసిన అంకెను అటూ ఇటూ కొంచెం మార్చి రాయడం చాలా తేలిక. చాలాచోట్ల అలా రాసేవారు ఉన్నారు. ఎవరూ పట్టుకోలేరు, తొంభై తొమ్మిది మంది విషయంలో ఏమీ కాదు కూడా. నా వరకు విశ్వాసమంటే ఆ నాలుగు గంటల వేళ పట్టీ చుట్టడమే. ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కనుక ఆదివారపు పూజా ప్రార్థనలనే శుక్రవారం జరుపుతారు, తెలుగు పూజ కూడా ఉంటుంది. డ్యూటీ పడి దానికి కూడా వెళ్లలేని వారాలు ఉంటాయి. అలాంటి వారం ఒక్కొక్క మంచం దగ్గర పట్టీ చుట్టి గాలి కొట్టేటప్పుడు మరియతల్లికి ఒక మంగళవార్త జపం చెప్పుకుంటాను. లెక్క సరిగ్గా సరిపోతుంది.

మ్రానికొమ్మ

నర్సమ్మ గారి మాట బాగుంది గాని ఆమె నిజాయితీకి ఆమె జీతం ఆగిపోవడం లేదు. బట్వాడా గారి నిజాయితీకి బిల్లు ఆగిపోతుంది. రెండింటినీ ఒక గాట కట్టకండి.

జపమాల_బామ్మ

మా ఆయన చౌక ధరల దుకాణం నడిపేవారు కనుక ఆగిపోయే సంగతి నాకు తెలుసు, నాయనా. స్టాకు పాయింటు నుంచి వచ్చే బస్తాలోనే తరుగు ఉండేది. అక్కడ హమాలీలకు ఇవ్వాలి, తూకం వేసేవాడికి ఇవ్వాలి, తనిఖీకి వచ్చేవారికి ఇవ్వాలి. డీలరు ఆ నష్టాన్ని కార్డుదారుల తూకంలో లాగేవాడు. కిలోకు యాభై గ్రాములు తగ్గితే అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? మా ఆయన మాత్రం తూకం తగ్గించనన్నారు. పైవాళ్లు తీసేది తీస్తూనే ఉన్నారు, ఈయన నిండు తూకం వేస్తూనే ఉన్నారు, మధ్యలో నా మెడలో గొలుసు పోయింది. చివరకు డీలర్‌షిప్పును ఆయనే వదులుకున్నారు. పై నుంచి కిందకు ఒకరి తరువాత ఒకరు తోసుకుంటూ వచ్చే నష్టం ఎవరో ఒకరి దగ్గర ఆగాలని, అది తన దగ్గరే ఆగనిమ్మని ఆయన అనేవారు. అప్పట్లో నాకు ఆ మాట మీద కోపమే వచ్చింది, గొలుసు నాది కదా. ఆయన పోయాక ఊళ్లో కార్డుదారులు సమాధుల పండుగకు వచ్చి కొవ్వొత్తి వెలిగించి వెళుతుంటే ఆ కోపం కొంత తగ్గింది. మొత్తం తగ్గిందని మాత్రం చెప్పను.

బట్వాడా బాబూ, మీ ఇంట్లో సాయంత్రం జపమాల చెప్పుకుంటారా? మీ ఇల్లాలు ఈ విషయంలో ఏమంటున్నారో మీరు రాయలేదు. ఇలాంటి నిర్ణయం భార్యకు తెలియకుండా తీసుకోకండి. పోయేది ఆమె గొలుసే.

శనివారం_బట్వాడా

జపమాల చెప్పుకుంటాం, బామ్మగారూ. ఇల్లాలు ఇవ్వడం మానేయమనే అంటోంది. పిల్లల ఫీజులు కట్టవలసిన నెల వచ్చేసరికి ఇద్దరమూ ఆ మాట ఎత్తం.

ఫిరంగిపురం_పిల్లోడు

అందరూ వ్యక్తి గురించే మాట్లాడుతున్నారు, విచారణ గురించి ఎవరూ మాట్లాడడం లేదు. మా దగ్గర ఒక గుడి మండపానికి దాతల పేర్లు చెక్కిన నల్లరాతి బండ ఉంది. మొదటి వరుసలో ఉన్న పేర్లన్నీ కాంట్రాక్టర్లవీ, వారి బిల్లులు పాస్ చేసినవారివీ. ఆ డబ్బు ఎక్కడిదని అడిగినవారు లేరు. పండుగకు మైకు సెట్టు, బాణసంచా, అన్నదానం ఎవరి ఖర్చో ప్రసంగం మొదట్లోనే చదువుతారు. ఇంతా చేసి ప్రసంగంలో ఎం-బుక్కు అనే మాట మీలో ఎవరైనా ఎప్పుడైనా విన్నారా?

కతోలిక బైబిలులోని సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం చదవండి. పేదల సొమ్ముతో బలి అర్పించేవాడు తండ్రి కళ్లెదుట కొడుకును చంపేవాడితో సమానమని అక్కడ ఉంది. కూలివాని కూలి ఎగ్గొట్టేవాడు రక్తం చిందించేవాడని కూడా ఉంది. 1514లో క్యూబాలో బర్తొలోమె దె లాస్ కాసాస్ అనే గురువు పెంతెకోస్తు పండుగ ప్రసంగానికి సిద్ధపడుతూ ఈ అధ్యాయమే చదివి, తన కింద వెట్టి చేస్తున్న స్థానిక ప్రజలను వదిలిపెట్టాడు. ప్రసంగం చెప్పేవాడే ముందు మారాడు.

జపమాల_బామ్మ

గురువులను ఇంత మాట అనడం నాకు నచ్చలేదు. మా ఆయన దుకాణం వదిలేసిన ఏడాది ఇంటికి బియ్యం పంపినది విచారణ గురువుగారే, ఆ సంగతి బయటికి చెప్పవద్దని కూడా అన్నారు. బండ మీద ఆ పేరు లేదు.

తిన్నని_మాట

ఫిరంగిపురం గారి మాటలో సగం ఒప్పుకుంటాను. దానమిచ్చే ప్రతివాణ్ణీ రసీదులు చూపమనడం గురువు చేయగలిగిన పని కాదు. కానీ పేరు చెక్కడం మానేయడం చేయగలిగిన పనే. బండ లేకపోతే సగం మంది దాతలు ఉండరు, ఆ సగం ఎవరో మనందరికీ తెలుసు.

ఉపదేశి_మనవడు

బట్వాడా గారిని ఒక చిన్న విషయం అడగాలి. పని మొదలుపెట్టేటప్పుడు భూమిపూజ చేస్తారు కదా, అక్కడ మీరేం చేస్తారు? మా బావగారు కూడా ఇదే వృత్తిలో ఉన్నారు, కొబ్బరికాయ కొట్టాలా వద్దా అని ప్రతిసారీ ఇంట్లో పంచాయతీ.

శనివారం_బట్వాడా

మేస్త్రీ కొడతాడు. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడి, పనివాళ్లకు ఏ ప్రమాదమూ జరగకూడదని పరలోక జపం చెప్పుకుంటాను. కొబ్బరి ముక్క పెడితే నవ్వుతూ వద్దంటాను, ఎవరూ ఏమీ అనుకోరు.

గుణదల_మెట్లు

దేవతలకు అర్పించిన వాటి గురించి పౌలు గారు 1 కొరింతీయులు పదవ అధ్యాయంలో చెప్పినది దాదాపు ఇదే. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టినది ప్రశ్నలు వేయకుండా తినమన్నాడు, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాని కోసం తినవద్దన్నాడు. కొబ్బరికాయ కొట్టడం అనే పని వరకే అయితే మా గుణదల కొండ మీద ఫిబ్రవరి తిరునాళ్లకు మరియతల్లి ముందు ఎన్ని కొబ్బరికాయలు పగులుతాయో వచ్చి చూడమని మీ బావగారికి చెప్పండి.

మ్రానికొమ్మ

కొబ్బరికాయ దగ్గర ఇంత సూక్ష్మంగా ఆలోచించేవారు సొరుగు దగ్గర ఎందుకు ఆలోచించరో నాకు అర్థం కాదు. నేను మొదట రాసినది సరదాకే అయినా ఇప్పుడు రాస్తున్నది సరదాకు కాదు. మా ఆఫీసులో ఆయుధపూజ నాటి ప్రసాదాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసే ఒక విశ్వాసి, కవరును మాత్రం రెండు చేతులతో అందుకుంటాడు.

పాత_గుమస్తా

దీనికి కొనసాగింపుగా చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటి ఉంది. దీపావళికి మిఠాయి పెట్టె, క్రిస్మసుకు కేకు తెచ్చి ఇస్తే తీసుకోవచ్చునా అని అడుగుతారు. ఇంగ్లండులో న్యాయాధికారిగా ఉండి 1535లో ప్రాణం అర్పించిన పునీత థామస్ మోరు గారి గురించి ఒక సంగతి చెబుతారు. తనకు అనుకూలంగా తీర్పు వచ్చిన ఒక స్త్రీ కొత్త సంవత్సరపు కానుకగా చేతితొడుగుల జత ఇచ్చిందట, వాటి లోపల నలభై పౌన్ల నాణేలు ఉన్నాయి. ఒక స్త్రీ ఇచ్చిన కానుకను తిరస్కరించడం మర్యాద కాదని చేతితొడుగులు ఉంచుకుని నాణేలు వెనక్కు పంపాడట. నేను ఆఫీసులో పాటించిన పద్ధతి అదే. మిఠాయి పెట్టెను అక్కడే తెరిచి సెక్షన్‌లో అందరికీ పంచేవాణ్ణి. పెట్టె అడుగున కాగితం కింద ఏమైనా ఉంటే ఇచ్చినవారి ముఖం అప్పుడే మారిపోయేది.

బడిపంతులు

గుమస్తా గారి పద్ధతి పరీక్షల డ్యూటీలో మాకు కూడా పనికొస్తుంది. పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేటరుగా వెళితే మధ్యాహ్న భోజనం ఎంత ఘనంగా పెడతారో, దాన్ని బట్టి ఆ కేంద్రంలో ఎన్ని స్లిప్పులు తిరుగుతాయో చెప్పవచ్చును. నేను టిఫిన్ డబ్బా తీసుకువెళతాను. మటన్ వాసన తగులుతున్నప్పుడు పెరుగన్నం తినడం తపస్సుకాలపు ఉపవాసంలో లెక్కకు వస్తుందా అని మా గురువుగారిని అడిగితే, అది వేసవిలో వచ్చే, మాంసం మానవలసిన అదనపు శుక్రవారమని అన్నారు.

శనివారం_బట్వాడా

అందరి మాటలూ చదివాను. ఇంకొకటి అడగాలి. కొన్ని వారాలుగా నేను పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదానికి వెళ్లడం లేదు. పఠనం చదివి వచ్చి నా చోటులో కూర్చుంటున్నాను. ఇది సరైనదేనా?

ఉపదేశి_మనవడు

గొప్ప పాపం చేశానని తెలిసినవారు పాపసంకీర్తనం చేసుకోకుండా సత్ప్రసాదం స్వీకరించరాదని శ్రీసభ చట్టం 916వ నియమం చెబుతుంది. అయితే మీది గొప్ప పాపమా, బలవంతం వల్ల బాధ్యత తగ్గినదా అన్నది ఈ వేదికలో ఓట్లు వేసి తేల్చేది కాదు, మీకు మీరే తీర్పు చెప్పుకునేది కూడా కాదు. మీ గురువుగారిని మీరు ఎలా అడిగారో తెలియదు. పూజ తరువాత గుడి మెట్ల మీద నిలబడి "వ్యాపారంలో ఇబ్బందులు ఉన్నాయి ఫాదర్" అంటే ఎవరైనా ప్రార్థించమనే అంటారు. ముందుగా సమయం అడిగి, కూర్చుని, ఇక్కడ రాసినట్టే ఎం-బుక్కు దగ్గర నుంచి వోచరు దాకా చెప్పండి. ఆయనకు అర్థం కాకపోతే ఇంకొక గురువు దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ మీకు ఉంది.

టాలీ_లెక్క

వెళ్లే ముందు ఒక పని చేయండి. ఇక మీదట ఒక్క దొంగ వోచరు కూడా రాయకండి. లెక్కల్లో చూపలేని ఖర్చు అయితే మీ సొంత వాడకం కింద రాసి దాని మీద పన్ను కట్టండి. ఎంత నొప్పిగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది, ఇవ్వడం ఆపాలన్న పట్టుదల కూడా దాని నుంచే వస్తుంది.

మ్రానికొమ్మ

పన్ను కట్టిన లంచం! ఆదాయపు పన్ను శాఖ వారికి దీనికి కూడా ఒక గడి పెట్టమని రాద్దాం.

కువైట్_నైట్_డ్యూటీ

2013 నవంబరులో ఒక ఉదయం పూజ ప్రసంగంలో పోపు ఫ్రాన్సిస్ గారు లంచంతో ఇల్లు నడిపేవారి గురించి మాట్లాడుతూ, వారు పిల్లలకు మురికి రొట్టె పెడుతున్నారని అన్నారు. ఆ మాట తీసుకునేవారి గురించి. మీరు ఆ రొట్టె తినడం లేదు. అయినా ఆ పెద్దమనిషి పిల్లలకు ఆ రొట్టె చేరుతున్నది మీ చేతుల మీదుగానే కదా. శాంతి సమాధానం చెప్పుకునే ఆ మనిషితో మీరు ఒక్కసారైనా విడిగా మాట్లాడారా?

శనివారం_బట్వాడా

మాట్లాడలేదు. డబ్బు కూడా మధ్యవర్తి ద్వారానే వెళుతుంది.

పాత_గుమస్తా

అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఇంటికి వెళ్లండి, ఆఫీసుకు వద్దు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాకుండా, ఈ బిల్లుకు నేను ఇవ్వలేను, నా పని కొలిచి చూసుకోండి అని చెప్పండి. మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయంలో తప్పు చేసిన సహోదరునితో మొదట ఒంటరిగా మాట్లాడమన్నదే క్రమం. ఆయన ఒప్పుకుంటాడని నేను హామీ ఇవ్వలేను. మా సెక్షన్‌లో ఒకరిద్దరు వాటా తీసుకోవడం మానేసింది ఇలాంటి మాట వల్లనే, ఏసీబీ వల్ల కాదు. మిగిలినవారు మానలేదు.

తిన్నని_మాట

ఆయన ఒప్పుకోకపోతే? మనం సలహా చెప్పి నిద్రపోతాం, శనివారం వచ్చేది ఆయనకు.

జపమాల_బామ్మ

అందుకని అన్ని పనులకూ ఒకేసారి ఆపమని నేను కూడా అనను. చిన్న పని ఒకటి చూసుకోండి, దాని బిల్లు ఆలస్యమైనా బట్వాడా తట్టుకోగలిగేది. ఆ ఒక్కదానికి ఇవ్వకండి. మా ఆయన చేసిన తప్పల్లా చేతిలో ఏమీ పెట్టుకోకుండా ఎదురు తిరగడమే.

శనివారం_బట్వాడా

బడి ప్రహరీ గోడ పని ఒకటి పూర్తయింది, చిన్న మొత్తం. దాని కొలతలు ఇంకా ఎం-బుక్కులో ఎక్కలేదు. దాన్ని తీసుకుంటాను. ఇల్లాలితో మాట్లాడాను, సరేనన్నది. ఈ వారంలో ఆ పెద్దమనిషి ఇంటికి వెళతాను. మధ్యవర్తికి మాత్రం ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.

న్యాయశాస్త్రం_రెండో_ఏడు

మధ్యవర్తికి ఏమీ చెప్పనక్కరలేదు. పని పూర్తయిన తేదీ, కొలతలు నమోదు చేయమని కోరుతూ డివిజన్ కార్యాలయానికి ఒక ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోబోమని వారంటే స్పీడ్ పోస్టులో పంపండి. కొన్ని వారాలు చూసి, ఆ ఉత్తరం మీద తీసుకున్న చర్య ఏమిటో, ఎం-బుక్కు ప్రస్తుతం ఏ అధికారి దగ్గర ఉందో తెలపమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు ఆపారు" అని అడగకండి, ఎందుకు అన్నదానికి వారు జవాబు ఇవ్వరు. "ఎవరి దగ్గర, ఏ తేదీ నుంచి" అని మాత్రమే అడగండి.

శనివారం_బట్వాడా

ఉత్తరం తెలుగులో రాయవచ్చునా?

న్యాయశాస్త్రం_రెండో_ఏడు

రాయవచ్చును. ఫోటోలు కూడా జత చేయండి, గోడ పక్కన టేపు పట్టి కొలత కనిపించేలా తీసినవైతే మంచిది.